యూరియా నుంచి పలచని రేకుల దాకా: బరంపురం ల్యాబ్ డైరీ

ఫిబ్రవరి, మొదటి వారం

మఫిల్ ఫర్నేస్ (వందల డిగ్రీల దాకా వేడెక్కే మూసిన కొలిమి) మా చేతికొచ్చింది. ఇనార్గానిక్ ప్రాక్టికల్స్ అయిపోయాయి కాబట్టి కొన్నాళ్లపాటు దాన్ని ఇంకెవరూ అడగరు. పని పేరు మాత్రం పెద్దదే: వెలుతురుతో నడిచే ఉత్ప్రేరకం కోసం అతి పలచని కార్బన్ నైట్రైడ్ రేకులు తయారుచెయ్యడం. మా దగ్గర ఉన్నవి ఈ ఫర్నేస్, నగల షాపుల్లో కడగడానికి వాడే రకం అల్ట్రాసోనిక్ బాత్, గట్టిగా మోత పెట్టే ఒక సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి బరువైన ముక్కల్ని కిందకి దించేది), ఏ రంగు వెలుతురుని ఎంత పీల్చుకుందో కొలిచే యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్. మిగతా కొలతలకి శాంపిల్ పొట్లం కట్టి బయటి ఊళ్లకి పంపాలి, వాళ్లు తీరిక చేసుకుని చూసేదాకా ఎదురుచూడాలి.

ఇద్దరు ఎమ్మెస్సీ పిల్లలు నాతో ఉన్నారు. ఒకమ్మాయి ఇచ్ఛాపురం నుంచి రోజూ రైల్లో వస్తుంది. అబ్బాయిది ఆస్కా, ఇంట్లో ఒరియా, మాతో తెలుగు. టైటానియం డయాక్సైడ్ ఉండగా ఇది ఎందుకు మేడమ్ అని మొదటి రోజే అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా వెలుతురుతో నీటిని విడగొట్టి చూపించింది దానితోనే. పైగా టైటానియం ఈ ప్రాంతానికి సొంత సరుకు, పక్కనే ఛత్రపూర్ సముద్రపు ఇసుకలోంచి టైటానియం ఖనిజం ఇల్మెనైట్ తీస్తూనే ఉన్నారు. కానీ ఆ పదార్థానికి ఉన్న బ్యాండ్ గ్యాప్, అంటే లోపలి ఎలక్ట్రాన్‌ని కదిలించడానికి వెలుతురు తేవాల్సిన కనీస శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే 387 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాలే దానికి పనికొస్తాయి. మన మీద పడే ఎండలో ఆ అతినీలలోహిత భాగం, శక్తి లెక్కన చూస్తే, దాదాపు ఐదు శాతం. మిగిలిన ఎండంతా దానికి వృథా.

గ్రాఫైటిక్ కార్బన్ నైట్రైడ్ గ్యాప్ 2.7. కాబట్టి 460 నానోమీటర్ల దాకా, అంటే నీలం వెలుతురులో చాలా భాగం కూడా తీసుకుంటుంది. దాని పొడి పసుప్పచ్చగా కనిపించేది అందుకే. లోహం ఏమీ ఉండదు, కార్బన్, నైట్రోజన్, అంచుల్లో కాస్త హైడ్రోజన్ అంతే. దీని దగ్గరి బంధువైన మెలాన్ గురించి జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1834లోనే రాశాడు. తర్వాత చాలాకాలం దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువే. 2009లో షిన్‌చెన్ వాంగ్, మార్కుస్ ఆంటోనియెట్టి బృందం దీనితో కనబడే వెలుతురులో నీటి నుంచి హైడ్రోజన్ తీసి చూపించాక ప్రపంచంలో సగం ల్యాబులు ఇందులో దిగాయి. మేం ఆలస్యంగా వచ్చినవాళ్లం. అయినా ముడిసరుకు కిలో కొన్ని వందల రూపాయలకి దొరికే పరిశోధన ఇంకోటి చూపించండి.

ఫిబ్రవరి, రెండో వారం

రెండు దారులు పెట్టుకున్నాం. ఒకటి మెలమైన్ నుంచి, ఇంకొకటి యూరియా నుంచి. రెండిటినీ మూత ఉన్న అల్యూమినా క్రూసిబుల్‌లో (వేడికి తట్టుకునే గిన్నె) పెట్టి, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 550 దాకా తీసుకెళ్లి, అక్కడ మూడు గంటలు నిలిపి, తలుపు తియ్యకుండా చల్లారనిస్తాం. మూత తప్పనిసరి. మెలమైన్ కరిగి కూర్చునే రకం కాదు, ఆవిరై ఎగిరిపోతుంది. మూత లేకపోతే సగం సరుకు ఫర్నేస్ గోడలకే అంటుకుంటుంది.

లోపల జరిగేది సుమారుగా ఇది. యూరియా 133 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఇంకాస్త వేడెక్కితే అమ్మోనియా, ఐసోసయనిక్ ఆమ్లం వదులుతూ బైయూరెట్, సయనూరిక్ ఆమ్లం, ఆ తర్వాత మెలమైన్‌గా మారుతుంది. 390 ప్రాంతంలో మెలమైన్ అణువులు కలిసి మెలెమ్ అవుతాయి. 520 దాటేసరికి ఆ మెలెమ్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని పొరలు కడతాయి. 600 దాటితే కట్టిన ఇల్లు కూలడం మొదలవుతుంది, 700కి క్రూసిబుల్‌లో దాదాపు ఏమీ మిగలదు. ఈ 520కీ 600కీ మధ్య ఇరుకు సందులోనే మన పనంతా.

ఘాటు సంగతి చెప్పాలి. అమ్మోనియా ఒకటే అయితే ముక్కు మూసుకుని నిలబడొచ్చు, ఐసోసయనిక్ ఆమ్లం ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఫర్నేస్ పొగగొట్టాన్ని ఎగ్జాస్ట్ హుడ్ కిందకి తిప్పించే దాకా మొదలుపెట్టనివ్వలేదు. మా ల్యాబ్ అటెండర్ గొట్టం బిగిస్తూ, “ఇది కెమిస్ట్రీనా మేడమ్, గోశాలా?” అన్నాడు. ఆ వాసన సాయంత్రం దాకా చున్నీకి పట్టుకునే ఉంది.

పది గ్రాముల మెలమైన్ నుంచి సుమారు ఐదు గ్రాముల ముద్ద వచ్చింది. బాగా పసుప్పచ్చగా, గట్టిగా ఉంది, మోర్టార్‌లో వేసి నూరాల్సి వచ్చింది. పది గ్రాముల యూరియా నుంచి అర గ్రాము కూడా రాలేదు. కానీ ఆ అర గ్రాము చూడాల్సిందే: లేత రంగులో, దూదిలా క్రూసిబుల్ సగం నిండా ఉబ్బి ఉంది. యూరియా నుంచి గ్యాసులు ఎక్కువగా వస్తాయి కదా, అవి పొరల్ని ఊదుకుంటూ బయటికి పోతాయి. దానితో అది పుట్టడమే పలచగా, చిల్లులతో పుడుతుంది.

ఇచ్ఛాపురం అమ్మాయి ఇంట్లో పొలానికి తెచ్చిన యూరియా గుప్పెడు పొట్లం కట్టి తెచ్చింది. మన దేశంలో 2015 నుంచి ఎరువు యూరియా దాదాపు అంతా వేపనూనె పూతతోనే వస్తోంది, పొట్లం విప్పగానే ఆ వాసన తెలిసింది. సరదాగా అదీ కాల్చాం. పొడి కాస్త ముదురు రంగులో వచ్చింది. ముదురు రంగంటే ఎక్కువ వెలుతురు పీలుస్తుందని పిల్లలు సంబరపడ్డారు. కాలిన నూనె తాలూకు కార్బన్ కావచ్చు, ఎరువులో ఉండే బైయూరెట్ కావచ్చు, రెండిటినీ విడదీసి చెప్పే దారి మా దగ్గర లేదు. కారణం తేల్చలేని శాంపిల్‌తో కథలు అల్లడం నాకు ఇష్టం ఉండదు. సీసాలో పోసి లేబుల్ రాసి పక్కన పెట్టించాను.

ఫిబ్రవరి, నెలాఖరు

ఇప్పుడు అసలు పని, మెలమైన్ నుంచి వచ్చిన మందపాటి పొడిని పలచన చెయ్యడం.

ఈ పదార్థం పూరీ ఖాజా లాంటిది. పొర మీద పొర, మధ్యలో పట్టు చాలా బలహీనం. పొరకీ పొరకీ మధ్య దూరం 0.33 నానోమీటర్ల లోపే. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్ కిరణాలు ఏ కోణంలో చెదురుతాయో చూసి లోపలి అమరిక తెలుసుకునే పరీక్ష) 27.4 డిగ్రీల దగ్గర నిలువుగా లేచే శిఖరం ఈ దొంతరదే. 13 డిగ్రీల దగ్గర చిన్నగా కనిపించేది పొర లోపలి అల్లికది. విడదీయడానికి వేడి, ఆమ్లం, ద్రవంలో అల్ట్రాసౌండ్, ఇలా చాలా దారులు ఉన్నాయి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం దారి పిల్లలతో వద్దనుకున్నాను. వేడి దారి ఎంచుకున్నాం. 2012లో పింగ్ నియు, హుయ్-మింగ్ చెంగ్ వాళ్లు చూపించిన పద్ధతి ఇది: పొడిని మూత లేని పాత్రలో పెట్టి గాలిలోనే 500 డిగ్రీల దగ్గర మళ్లీ కాల్చడం. పొరల్లోని తీగల్ని ఒకదానితో ఒకటి కట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు ఆ వేడికి, ఆక్సిజన్‌కి ఆగలేవు. దొంతర మెల్లగా అరిగిపోతూ పలచనవుతుంది. వాళ్లకి సుమారు 2 నానోమీటర్ల మందం ఉన్న రేకులు వచ్చాయి, గ్రాముకి 306 చదరపు మీటర్ల ఉపరితలంతో.

పాత్ర ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది. లోతు గిన్నెలో పోస్తే పై పొడి కాలిపోతుంది, అడుగు పొడి మందంగానే ఉండిపోతుంది. చివరికి వెడల్పాటి పింగాణీ పళ్లెంలో పలచగా పరిచి రెండు గంటలు ఉంచాం. గ్రాము పెడితే అయిదో వంతు మిగిలింది. మిగతాది గాలిలో కలిసింది. మిగిలిన దాని రంగు దాదాపు తెలుపు, పసుపు ఛాయ మాత్రమే ఉంది. బరువు లేదు. తూకం వేసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, కిటికీలు మూయాలి, మాట కూడా పక్కకి తిరిగి మాట్లాడాలి. బరంపురంలో ఫ్యాన్ లేకుండా ఒక గది మూసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అదృష్టం, ఇంకా ఎండాకాలం ముదరలేదు.

మార్చి, మొదటి వారం

గాలివాన. సాయంత్రం ఫర్నేస్ 400 డిగ్రీలు దాటుతుండగా కరెంటు పోయింది, రాత్రి దాకా రాలేదు. జనరేటర్ ఈ లోడు మొయ్యదు. తెల్లారి తీసి చూస్తే మీగడ రంగు పొడి. కొరియర్‌లో పంపే శాంపిళ్లతో పాటు దీన్నీ పంపాం. ఎక్స్‌ఆర్‌డీలో 27 దగ్గర ఉండాల్సిన శిఖరం సరిగ్గా లేదు, దాని చుట్టూ చిన్నచిన్నవి బోలెడు. పొరలు కట్టకముందే ఆగిపోయిన మెలెమ్ దశ అన్నమాట. పుస్తకంలో బాణం గుర్తుల మధ్య ఉండే దశని పిల్లలు చేత్తో పట్టుకుని చూశారు. ఆ రకంగా గాలివాన పాఠం చెప్పి వెళ్లింది, కరెంటు బిల్లు మాత్రం మాదే.

మార్చి, మూడో వారం

పలచని పొడిని నీళ్లలో వేసి అల్ట్రాసోనిక్ బాత్‌లో పెడుతున్నాం. బాత్ నీళ్లు వేడెక్కిపోతుంటాయి కాబట్టి మధ్యమధ్యలో ఐసు ముక్కలు వెయ్యాలి. కొన్ని గంటలు అయ్యాక సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 3000 చుట్ల వేగంతో తిప్పితే బరువైన ముక్కలు కిందకి దిగిపోతాయి, పైన పలచటి పాల రంగు ద్రవం మిగులుతుంది. అందులోంచి ఆకుపచ్చ లేజర్ పాయింటర్ వేస్తే దారి గీత గీసినట్టు కనిపిస్తుంది. పిల్లలు ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. గీత కనిపించినంత మాత్రాన రేకులు పలచనైనట్టు కాదని వాళ్లకి చెప్పాను. ద్రవంలో సన్నటి కణాలు తేలుతున్నాయని మాత్రమే దాని అర్థం, నీళ్లు కలిపిన పాలలోనూ అలాంటి గీతే వస్తుంది.

మందం నేరుగా తేల్చాలంటే ఏఎఫ్ఎం కావాలి, సన్నటి మొనతో తడిమి ఎత్తుపల్లాలు కొలిచే సూక్ష్మదర్శిని. ఆ కొలత ఇంకా చేయించలేదు. అందుకని ప్రస్తుతానికి పక్క సాక్ష్యాలు పోగేస్తున్నాం. ఎక్స్‌ఆర్‌డీలో 27.4 శిఖరం బాగా పొట్టిదై వెడల్పయింది, అంటే దొంతరలో పొరలు తగ్గాయి. కాంతిని పీల్చే అంచు మందపాటి పొడిలో 460 దగ్గర ఉంటే, రేకుల్లో 430కి జరిగింది. 1240ని ఆ అంకెతో భాగిస్తే గ్యాప్ వస్తుంది: 2.7 ఉన్నది 2.88 అయింది. ఎలక్ట్రాన్‌కి తిరగడానికి మందం దిశలో చోటు ఇరుకైతే గ్యాప్ పెరగడం క్వాంటం లెక్కల్లో మొదటి పాఠం. యూవీ ల్యాంపు కింద రెండూ నీలంగా మెరుస్తున్నాయి, రేకుల నీలం మరింత లేత ఊదా వైపు ఉంది. అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. అయినా ల్యాబ్ పుస్తకంలో పొరల సంఖ్య రాయనివ్వలేదు. “పలచని రేకులు” అని రాశాం, అక్కడితో ఆపాం.

బీఈటీ అంకెలు, అంటే గ్రాము పొడికి ఎంత ఉపరితలం ఉందో చెప్పేవి, వచ్చాయి. మందపాటి పొడి గ్రాముకి 9 చదరపు మీటర్లు. వేడితో పలచన చేసినవి 120. నేరుగా యూరియా నుంచి వచ్చింది 64. ఈ మూడు అంకెలూ గోడ మీద రాసిపెట్టాం, ముందు ముందు బాగా అవసరం పడతాయి.

ఏప్రిల్, మొదటి వారం

రంగు పరీక్ష, అంటే వెలుతురులో మా పొడి ఒక రంగుని ఎంత త్వరగా విరగ్గొడుతుందో చూడటం. గులాబీ రంగు రోడమైన్ బి ద్రావణం, లీటరుకి 10 మిల్లీగ్రాములు. వంద మిల్లీలీటర్లకి 50 మిల్లీగ్రాముల పొడి. గులాబీ రంగు నీళ్లని ఎండలో పెట్టి గంటలో తెల్లబడిందని చూపించడం కన్నా సులువైన పని లేదు, అందుకే ఈ రంగంలో వచ్చే పేపర్లలో ఈ బొమ్మే ఎక్కువ. నాకు దీని మీద పెద్ద గౌరవం లేదు. ఎందుకో మా కొలతల్లోనే బయటపడింది.

ముందు చీకట్లో అరగంట కలిపాం, వెలుతురు ఏమీ లేకుండా. మందపాటి పొడి ఉన్న బీకరులో రంగు నాలుగైదు శాతం తగ్గింది. పలచని రేకుల బీకరులో పాతిక శాతం. ఒక్క అణువు కూడా విరగలేదు, రంగు వెళ్లి రేకుల మీద అంటుకుంది, అంతే. ఉపరితలం పదమూడు రెట్లు ఉన్నప్పుడు అంటుకోవడానికి చోటూ అంతే ఉంటుంది. ఈ చీకటి అరగంట లేకుండా నేరుగా ఎండలో పెట్టి ఉంటే ఆ పాతిక శాతం కూడా వెలుతురు ఖాతాలోనే పడేది.

వడపోత ఇంకో తంటా. సిరంజి ఫిల్టర్‌తో వడకడితే ఫిల్టర్ పొరే కాస్త రంగు పీల్చుకుంటోంది. ఉత్త రంగు ద్రావణాన్ని ఫిల్టర్ చేసి చూస్తే తెలిసింది. అందుకని సెంట్రిఫ్యూజే వాడుతున్నాం, పలచని రేకులు అంత తొందరగా కిందకి దిగవు కాబట్టి ఎక్కువసేపు తిప్పాలి. కాస్త మిగిలినా కొలత గిన్నెలో వెలుతురుని చెదరగొట్టి అంకెని పెంచేస్తుంది.

ఎండలో పెట్టిన బీకర్లు అన్నీ ఒకే ట్రేలో, డాబా మీద, పదకొండు నుంచి ఒంటిగంట వరకు. పొడి లేని బీకరు కూడా ఒకటి. రేకులు ఉన్నది ముందు తెల్లబడింది, అది అనుకున్నదే. అబ్బాయి గ్రాఫు గీసి చూస్తే ఇంకోటి కనిపించింది: 554 నానోమీటర్ల శిఖరం కిందకి దిగడమే కాక, ఎడమ వైపుకి, 500 వైపుకి జరుగుతోంది. రోడమైన్ అణువు చివర్లలో ఉండే ఇథైల్ గుంపులు ఒక్కొక్కటే రాలిపోతే ఇలా జరుగుతుంది. అసలు వలయం అలాగే ఉంది. అంటే కొంత పని రంగే చేసుకుంటోంది. అది ఆకుపచ్చ వెలుతురుని తాగి, ఎలక్ట్రాన్‌ని రేకు మీదకి తోసి, తను దెబ్బతింటోంది. ఉత్ప్రేరకం వెలుతురు తీసుకుని చేసిన పని ఎంత, రంగు తనంతట తాను చెడిపోయింది ఎంత అన్నది ఈ పరీక్షలో విడిపోదు. మిథిలీన్ బ్లూ అనే ఇంకో రంగు వాడినా ఇదే గొడవ. కాబట్టి మా రిపోర్టులో రంగు పరీక్ష ఒక్క పేజీ దాటదు.

ఏప్రిల్, మూడో వారం

రంగు లేని పరీక్ష కావాలి. హైడ్రోజన్ కొలవడానికి గ్యాస్ క్రొమటోగ్రాఫ్ లేదు, అది తీయడానికి తోడు కావాల్సిన ప్లాటినం కొనే డబ్బూ లేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎంచుకున్నాం. నీళ్లలో పదో వంతు ఇథనాల్ కలిపి, పొడి వేసి, గాలి బుడగలు పంపుతూ వెలుతురులో పెడితే, ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌ని పట్టుకుని పెరాక్సైడ్ చేస్తాయి. ఎలక్ట్రాన్ వెళ్లిపోయిన చోట మిగిలే ఖాళీలు, అంటే ధన రంధ్రాలు, ఇథనాల్‌ని అసిటాల్డిహైడ్‌గా మారుస్తాయి. కార్బన్ నైట్రైడ్‌కి ఈ పని బాగా కుదురుతుంది. దాని ఎలక్ట్రాన్లకి ఆక్సిజన్‌ని పట్టుకునే సత్తా దండిగా ఉంది. రంధ్రాలకి మాత్రం నీటి నుంచి నేరుగా హైడ్రాక్సిల్ రాడికల్ (నీటి అణువు విరిగితే వచ్చే చాలా చురుకైన ముక్క) లాగేంత బలం లేదు. టైటానియం డయాక్సైడ్ పాఠంలోని బొమ్మని యథాతథంగా దీనికి అతికించి “హైడ్రాక్సిల్ రాడికల్ వల్ల” అని రాసేవాళ్లు ఇది గమనించరు.

కొలవడం చవక. పొడిని సెంట్రిఫ్యూజ్ చేసి తీసేశాక, పొటాషియం అయొడైడ్, చిటికెడు అమోనియం మాలిబ్డేట్ వేస్తే పెరాక్సైడ్ ఉన్నమేరకు అయొడిన్ విడుదలవుతుంది, దాన్ని 350 నానోమీటర్ల దగ్గర చదవొచ్చు. కంటికి చూపించాలంటే గంజి చుక్క వేస్తే చాలు, నీలం రంగు వస్తుంది. చీకట్లో ఉంచిన బీకరులో నీలం రాలేదు. పొడి లేని బీకరులో రాలేదు. గాలి బదులు నైట్రోజన్ పంపినదాంట్లో దాదాపు రాలేదు. మూడూ సరిపోయాకే అసలు కొలతలకి దిగాం. ఈ బీకర్లు వరసగా పెట్టి చూస్తే రంగు పరీక్షలో లేని నమ్మకం వచ్చింది.

ఎండలో రేకులు మందపాటి పొడికి సుమారు మూడు రెట్లు పెరాక్సైడ్ ఇచ్చాయి. బాగుంది. గోడ మీద అంకెలు చూడమన్నాను. ఉపరితలం పదమూడు రెట్లు పెరిగితే పని మూడు రెట్లే పెరిగింది. మిగతాది ఎక్కడికి పోయింది?

ఏప్రిల్, నెలాఖరు

దానికోసం రెండు ఎల్ఈడీ చిప్పులు తెప్పించాం, ఒకటి 405 నానోమీటర్లు, ఒకటి 450. కింద అల్యూమినియం పలక, చిన్న ఫ్యాను, బీకరు చుట్టూ ఫాయిల్. డాబా మీద మాడిపోవడం తప్పింది. ఇప్పుడు బయట నిలబడితే చెప్పుల్లోంచి కాలుతోంది.

405 దగ్గర రేకులు మందపాటి పొడికి నాలుగు రెట్లు. 450 దగ్గర రెండూ ఇంచుమించు సమానం, ఒక్కోసారి మందపాటిదే కాస్త ముందు. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన ఫలితం ఇదే. పలచన చేసినప్పుడు పొడి తెల్లబడిందని మొదట్లో మురిసిపోయాం కదా, ఆ పోయిన పసుపే నీలం వెలుతురుని పీల్చే శక్తి. గ్యాప్ 2.88కి పెరిగాక 450 నానోమీటర్ల వెలుతురు కణం (ఫోటాన్) తెచ్చే 2.76 ఎలక్ట్రాన్ వోల్టులు గుమ్మం దాటలేవు. అంచుల్లో, లోపాల్లో ఏదో కాస్త పీల్చుకుంటుంది, అంతే. టైటానియం డయాక్సైడ్ కన్నా ఎక్కువ ఎండ వాడుకోవాలని మొదలుపెట్టి, పలచన చేసే ఉత్సాహంలో మళ్లీ దాని వైపే నడిచాం.

పలచన చేస్తే లాభం లేదని కాదు. మందపాటి గడ్డలో పుట్టిన ఎలక్ట్రాన్, రంధ్రం ఉపరితలానికి చేరేలోపే ఎక్కువ భాగం ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. రేకులో ఎక్కడ పుట్టినా ఉపరితలం పక్కనే ఉంటుంది. 405 దగ్గర నాలుగు రెట్లు వచ్చింది అందుకే. కానీ ఆ లాభానికి కట్టే మూల్యం ఇది. అతి పలచన అన్న మాట వినగానే మంచిదనుకునే అలవాటు ఉంది, ఏ వెలుతురులో మంచిది అని అడగాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మొదటి గంటలో పెరాక్సైడ్ చకచకా పెరుగుతుంది, మూడో గంటకి గ్రాఫు వంగిపోతుంది. తయారైన పెరాక్సైడ్‌ని అదే రేకులు వెలుతురులో మళ్లీ విరగ్గొడుతున్నాయి. ఉపరితలం ఎక్కువైతే విరగ్గొట్టడమూ ఎక్కువే. బయట కొన్న పెరాక్సైడ్ కొంత వేసి ఎంత వేగంగా తగ్గుతుందో విడిగా చూస్తున్నాం.

అన్నట్టు, యూరియా పొడి. దాని అంచు 445 దగ్గర, రంగు మధ్యస్థం. ఎండలో అది రేకులతో దాదాపు సమానంగా ఇచ్చింది, 450 ఎల్ఈడీ కింద రెండిటినీ దాటింది. సరుకు తక్కువ వస్తుంది నిజమే, కానీ ఫర్నేస్ ఒక్కసారే ఎక్కించాలి, నూరే పని లేదు, పళ్లెంలో పరిచే పని లేదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఈ తేడా చిన్నది కాదు. ఇకమీదట మా ప్రధాన శాంపిల్ యూరియాదే.

మే, రెండో వారం

మా మామయ్య పట్టునూలుకి రంగు వేసే పని చేస్తాడు. పెళ్లిళ్ల కోసం నేయాల్సిన పట్టుచీరల పనితో తీరిక లేకపోయినా, రంగు వేశాక గంగాళంలో మిగిలిన నీళ్లు ఒక క్యానులో పోసి ఉంచాడు. “మీ పొడి వేసి దీన్ని మంచినీళ్లు చేసి చూపించమ్మా, అప్పుడు ఒప్పుకుంటా” అన్నాడు.

మంచినీళ్లు కాలేదు. అవుతాయని నేనూ చెప్పలేదు. ముదురు ఎరుపు నీళ్లలోంచి వెలుతురు లోపలికే దిగదు, పై పొరలోనే ఆగిపోతుంది. పదింతలు నీళ్లు కలిపి పలచన చేస్తే కొంచెం కదిలింది. పట్టు మీద జిగురు తీయడానికి వాడిన సబ్బు, సోడా, రంగు పట్టడానికి వేసిన ఆమ్లం, ఇవన్నీ కూడా ఆ నీళ్లలో ఉన్నాయి. వెలుతురు పుట్టించిన చురుకైన ఆక్సిజన్ రూపాలు ఈ సబ్బు మీద కూడా పడతాయి, రంగు వంతు వచ్చేసరికి మిగిలేది తక్కువ. ల్యాబులో గంట పట్టిన పని ఇక్కడ పొద్దుగూకే దాకా సగం కూడా కాలేదు.

క్యాను చూడటానికి మామయ్య ల్యాబుకే వచ్చాడు. సెంట్రిఫ్యూజ్ అడుగున పేరుకున్న గులాబీ ముద్దని చూసి, “రంగు పోలేదే, మీ పొడి కట్టుకుంది” అన్నాడు. నలభై ఏళ్లుగా నూలు మీద రంగు ఎంత అంటుకుందో, నీళ్లలో ఎంత మిగిలిందో కంటితోనే చెప్పే మనిషి. ఇకనుంచి ప్రతి పరీక్ష చివర పొడిని ఇథనాల్‌తో కడిగి, అందులో ఎంత రంగు దిగిందో కొలిచి లెక్కలో వేస్తున్నాం. ఈ క్యాను నీళ్లలో తగ్గిన రంగులో సగానికి పైగా ఆ ఇథనాల్‌లోనే దొరికింది.

వాడిన పొడిని నీళ్లలోంచి తిరిగి పట్టుకోవడం ఎలా అన్నది ఆయన రెండో ప్రశ్న. సెంట్రిఫ్యూజ్ పెట్టుకుని రంగు పని ఎవరూ చెయ్యరు. నాటు పెంకు ముక్కల మీద యూరియా పొడిని నీళ్లలో కలిపి పూసి, ఆరబెట్టి, 350 డిగ్రీల దగ్గర కాసేపు కాల్చి చూస్తున్నాం. పూత వేలితో రుద్దితే ఊడుతోంది, ప్రవహించే నీళ్లలో మాత్రం ప్రస్తుతానికి నిలబడుతోంది. పెంకులో ఉన్న ఇనుము ఏమైనా జోక్యం చేసుకుంటుందేమో చూడటానికి గాజు పలక మీద కూడా అదే పూత వేశాం.

మే, నెలాఖరు

ఏఎఫ్ఎంకి శాంపిళ్లు వెళ్లాయి. అభ్రకం మీద ఒక చుక్క, బాగా పలచని ద్రావణం. చిక్కగా వేస్తే రేకులు ఒకదాని మీద ఒకటి పడి ఆరిపోతాయి, అప్పుడు వచ్చే మందం రేకుది కాదు, గుట్టది.

ఫర్నేస్ వచ్చే నెల పరీక్షల వాళ్లకి అప్పగించాలి. అందుకని ఈ వారమంతా యూరియా కాలుస్తూనే ఉన్నాం, పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం గాలివాన వేళకి 550 దగ్గర మూడు గంటలు పూర్తయ్యేలా. అబ్బాయి పెరాక్సైడ్ విరిగిపోయే వేగం కొలతలు పూర్తి చేస్తాడు. అమ్మాయి పెంకు ముక్కల్ని మామయ్య పని చేసే చోటే ఎండలో ఒక తొట్టెలో పెట్టి, పక్కన పూత లేని పెంకులతో ఇంకో తొట్టె పెట్టి పోలుస్తుంది. రెండు తొట్టెల మీదా గాజు పలక కప్పాలి, లేకపోతే వానచినుకులు పడి రంగు పలచనై ఉత్ప్రేరకం పని చేసినట్టు కనిపిస్తుంది.